మా ఇంటిపేరు ఊరికి మూడు రోజుల ప్రయాణం

మేము వేలూరు కాపురస్థులము. పుట్టి పెరిగినది గుడియాత్తం. మేమంటే ఒక ఆఫీసు గుమాస్తా, ఆయన ఇల్లాలు, పదకొండవ తరగతి చదివే అమ్మాయి, ఏడవ తరగతి అబ్బాయి, వీరందరికీ పెద్దదిక్కుగా 78 ఏళ్ళ మా నాయన. మా నాయన గుడియాత్తంలో మగ్గం మీద లుంగీలు నేసి మమ్మల్ని చదివించినవాడు. మగ్గం ఆగిపోయి చాలా కాలమైనది. ఇప్పుడు మాతో పాటే వేలూరులో ఉంటున్నాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, మనిషి ఎదుట నిలబడితే ఆకారం తెలుస్తుంది గాని ముఖం తెలియదు. డాక్టరుగారు ఆపరేషను చేయించుకోమని రెండేళ్ళుగా చెపుతున్నారు. "ఈ వయసులో కొత్తగా చూడవలసినది ఏముంది లేరా" అని మా నాయన వాయిదా వేస్తూ వచ్చాడు.

మొన్న పొంగలి పండుగకు ముందు అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు కొన్ని ఫోటోలు పంపించాడు. సెడోనా అనే ఊరికి భార్యాపిల్లలతో సెలవులకు వెళ్ళాడట. ఎటు చూసినా ఎర్రటి కొండలు. ఉదయం ఆ కొండల మీద నడక, మధ్యాహ్నం మేడమీద కూర్చుని భోజనం, సాయంత్రం చిత్రశాలలలో బొమ్మలు చూడడం. ఇదీ వారి దినచర్య. మా అబ్బాయి ఆ ఫోటోలను నాలుగుసార్లు తిప్పి చూసి, "నాన్నా, మనం ఇట్లాంటి చోటికి ఎప్పుడు పోతాము?" అని అడిగాడు. గుమాస్తా జీతంలో అరిజోనాకు ఎంత దూరమో వాడికి చెప్పడం ఎట్లా? మేము దిక్కులు చూస్తూ ఉండగా, అరుగు మీద కూర్చున్న మా నాయన, "ఎర్ర రాళ్ళేనా వాడు అడిగేది? మన ఇంటిపేరు ఊర్లో కావలసినన్ని ఉన్నాయని మా తాత చెప్పేవాడు" అన్నాడు.

మా ఇంటిపేరు గండికోటవారు. ఈ సంగతి మా రేషను కార్డులో లేదు, ఆధారు కార్డులో లేదు, పిల్లల బడి రిజిస్టరులో అసలే లేదు. తమిళనాట పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒకటి వేస్తే సరిపోతుంది. ఇంటిపేరు పెళ్ళిళ్ళలో పురోహితుడు అడిగినప్పుడు మాత్రమే బయటికి వచ్చి, మరునాడు మళ్ళీ లోపలికి పోతుంది. మా పూర్వులు గండికోట నుంచి వచ్చారని మా నాయన మాట. దానికి కాగితం లేదు. కాగితం లేనిది నమ్మవద్దని ఆఫీసు మాకు నేర్పినది. అయినా ఆ రాత్రి లెక్కలు వేసి, పండుగ సెలవులకు తోడు ఒకరోజు రజా పెట్టి, తెలిసినవారి కారు బాడుగకు మాట్లాడుకున్నాము. "చూపు లేనివాణ్ణి నన్నెందుకురా" అంటూనే మా నాయన అందరికంటే ముందు సంచి సర్దుకున్నాడు.

వేలూరు నుంచి గండికోట సుమారు 300 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరాము. చిత్తూరు చేరేసరికి ఇంకా చీకటిగానే ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఇదంతా మన ఉత్తర ఆర్కాటు జిల్లాయే. మా నాయనకు ఆ గీత ఇప్పటికీ మనసుకు పట్టలేదు. "చిత్తూరు దాటినామా?" అని అడగడు, "సంతకు వచ్చినామా?" అని అడుగుతాడు.

పీలేరు, రాయచోటి దాటి గువ్వలచెరువు కనుమ దగ్గర ఆగాము. గువ్వలచెరువు పాలకోవా పేరు వినని రాయలసీమవారు ఉండరు. దారి పక్కన వరుసగా కోవా అంగళ్ళే. పావుకిలో కొంటే కారు కనుమ దిగేలోపల పొట్లం ఖాళీ అయినది. కడపలో కారం దోశ తిన్నాము. దోశ మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, పక్కన చెనిక్కాయల చట్నీ వేసి ఇస్తారు. మా అబ్బాయి మొదటి ముక్కకే నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. రెండో దోశ కూడా వాడే అడిగాడు. ఎర్రగుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరి, పేరు చెప్పనవసరం లేని ఒక లాడ్జిలో దిగాము. వేడినీళ్ళు ఉన్నాయన్నారు. ఉన్నది కొళాయి మాత్రమే.

దారి పొడుగునా పిల్లలు గమనించినది ఒకటే, నేల ఎండిపోయి ఉండడం. తుమ్మచెట్లు, బండలు, మధ్యమధ్య చెనిగ చేలు. పక్కనున్న అనంతపురం జిల్లా దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటి. ఇసుక ఎడారి కాదు గాని, మేఘాలు పలకరించి పోయే దేశమని చెప్పవచ్చు.

జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఎర్రమల కొండల మీద గండికోట ఉన్నది. ఆ కొండల పేరులోనే ఎరుపు ఉన్నది. అక్కడి రాయి ఒకప్పటి ఇసుకే. సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి, వంద కోట్ల ఏళ్ళకు పైబడిన వయసు గలదని భూగర్భశాస్త్రవేత్తలు చెపుతారు. అందులోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చినది. అరిజోనా కొండల ఎరుపుకు కారణమూ అదే. ఇనుముకు దేశభేదం లేదు సుమా.

సాయంత్రం కోటవాకిలి దగ్గర దిగాము. అక్కడ జరిగినది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము.

వాకిలి పక్కన ఒక బోర్డు ఉన్నది. మా నాయన అమ్మాయి భుజం పట్టుకుని నిలబడి, "ఏమని రాసినారు, చదువు తల్లీ" అన్నాడు. అమ్మాయి గబగబా ఇంగ్లీషు చదివింది. "అది కాదమ్మా. మన అక్షరాలతో రాసి ఉంటారు చూడు, అది చదువు" అన్నాడు. అమ్మాయి బోర్డు వంక చూసి, తాత వంక చూసి, ఊరుకున్నది. అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన మా నాయనకు ఆ అక్షరాలన్నీ తెలుసు. చూడడానికి కళ్ళు లేవు. అమ్మాయికి చక్కని కళ్ళు ఉన్నాయి. అక్షరాలు రావు. మూడు భాషలలో మార్కులు తెచ్చుకునే పిల్ల తన ఇంటిపేరు ఎదురుగా రాసి ఉంటే గుర్తుపట్టలేక నిలబడింది.

కారు నిలిపించి వెనకాల వస్తున్న మేము ఇది చూశాము. దగ్గరకు పోయి, "ఇంత పెద్దదానివి, నీకు ఇంకా రాదా" అని నోరుజారాము. అమ్మాయి తిరిగి చూసి, "ఎవరైనా నేర్పితే కదా రావడానికి" అన్నది. కోపంగా అనలేదు. ఉన్నమాటగా అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు.

నిజానికి నేర్పవలసినవారం మేమే. 2006 నాటి చట్టంతో మన రాష్ట్రంలో తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయినది. తమిళం మాకు అన్నం పెట్టే భాష. దానిని చదవడం మాకు కష్టమూ కాదు, నామోషీ కాదు. తెలుగు మాత్రం ఇంటిలో నేర్పుకోవలసిన భాష అయినది. ఈ ఏడు పరీక్షలు కానీ, వచ్చే వేసవి రానీ అని వాయిదా వేస్తూ వచ్చాము. మా నాయన కంటి ఆపరేషను వాయిదా వేస్తున్నాడని డాక్టరు దగ్గర ఫిర్యాదు చేసినవారమూ మేమే.

మా నాయన ఏమీ అనలేదు. "పద తల్లీ, లోయ దగ్గరకు తీసుకుపో" అన్నాడు.

మాధవరాయస్వామి గోపురం, జుమ్మా మసీదు దాటి పోతే లోయ వస్తుంది. బండల మీద బండలు పేర్చినట్టు ఉంటుంది. వాటి మధ్య దారి చూసుకుంటూ పోవాలి. ఆ అంచున గోడా లేదు, కమ్మీ లేదు. నాయనను చెరొక పక్క పట్టుకుని, అంచుకు చాలా ఇవతల ఒక చదునైన బండ మీద కూర్చోబెట్టాము. అడుగున పెన్నానది. రెండు పక్కలా సుమారు 300 అడుగుల ఎత్తున ఎర్రటి రాతిగోడలు. అస్తమించే పొద్దు వాటి మీద పడి కుంకుమ రాసినట్టు ఉన్నది. దీనిని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చుతారు. అది ఒక మైలు లోతు గలది. పోలిక పెట్టినవారు పరిమాణం చూసి పెట్టినది కాదు. చూసినవారి నోటమాట రెండుచోట్లా ఒకేలా ఆగిపోతుంది.

"ఎట్లుందిరా?" అని మా నాయన మనుమణ్ణి అడిగాడు. "పెద్ద పెద్ద పారలు తాతా, కింద ఆరు పోతున్నది" అన్నాడు వాడు. మన ఇళ్ళలో పిల్లల తెలుగు ఇంతే కదా, సగం అరవం. "పార అంటే మట్టి ఎత్తేది. అవి బండలు. ఆరు కాదు, ఏరు" అన్నాడు తాత. "బండలు ఏ రంగు?" "ఎరుపు." "ఇటుక ఎరుపా, మిరపకాయ ఎరుపా, పచ్చికుండ ఎరుపా?" వాడు తేరిపార చూసి, "పైన ఇటుక, కింద కుండ తాతా" అన్నాడు. అట్లా పొద్దు గుంకేదాకా వాడు చెప్పడం, తాత మాటలు సర్దడం. "గండి అంటే తెలుసునా?" అని అడిగాడు. తెలియదన్నారు. "చెరువుకట్ట తెగితే ఏమంటాము?" "గండి పడింది అంటాము." "అంతే. ఇక్కడ ఏరు కొండకే గండి కొట్టింది. ఆ గండి మీద కోట కట్టినారు." ఇంటిపేరు అర్థం పిల్లలకు తెలిసినది ఆ బండమీదనే.

మా నాయనకు తెలియని ఒక సంగతి మేము చెప్పాము. ఈ పెన్న పుట్టినది కర్ణాటకలోని నంది కొండలలో. మన వేలూరు పక్కన పారే పాలారు పుట్టినదీ ఆ ప్రాంతంలోనే. ఒకటి ఉత్తరంగా తిరిగి రాయలసీమ దాటి నెల్లూరు సీమలో సముద్రంలో కలిస్తే, ఇంకొకటి ఆగ్నేయంగా మన దగ్గరకు వచ్చినది. "అయితే అక్కాచెల్లెళ్ళు. మనవైపు వచ్చినది పాపం ఇసుక మోసీ మోసీ ఎండిపోయింది" అన్నాడు.

మరునాడు తెల్లవారకముందే పిల్లలతో మళ్ళీ వచ్చి కోటంతా తిరిగాము. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1650లో గోల్కొండ సైన్యాధిపతి మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో తవెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఆయనను చూడడానికి ఇంతదూరం వచ్చి, ఈ కోటను గురించి రాసిపెట్టాడు. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి పాడుపడి ఉన్నా అందం పోలేదు. మసీదు పక్కనే కమానుల కప్పుతో పెద్ద ధాన్యపు కొట్టు, కోనేరు, చెరసాల ఉన్నాయి. మన వేలూరు కోటలోనూ గుడి, మసీదు, చర్చి ఒకే గోడలోపల ఉన్నాయి కదా అని పిల్లలే పోల్చుకున్నారు. ఆ కోటా 16వ శతాబ్దిలో నాయకుల చేతిదే.

అబ్బాయి ఏటివైపు బండల మీదుగా సగం దూరం దిగుతానన్నాడు. మేమూ దిగాము. కొత్త చెప్పులు నున్నటి బండ మీద జారి, గుమాస్తాగారు రెండు గజాలు కూర్చున్న భంగిమలోనే ప్రయాణం చేశారు. ప్యాంటు చినిగింది, మోచెయ్యి గీరుకున్నది, మర్యాద కొంత తగ్గినది. అంతకుమించి నష్టం లేదు. అయితే ఎవరైనా అక్కడికి పోతే రబ్బరు అడుగు గల బూట్లు వేసుకోవలెను, పిల్లలను అంచుకు పోనివ్వకూడదు, గాలి విసురుగా ఉన్నప్పుడు ఫోటోల కోసం నిలబడకూడదు. ఈ మూడూ తప్పక గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం ఒక చిన్న పూటకూటి ఇంటిలో రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి పెట్టారు. మన ఉత్తర ఆర్కాటులో కళి అనేది ఇదే సంగటి. చిన్నప్పుడు గుడియాత్తంలో లోపల సంగటి అని తిని, పక్కింటివారు అడిగితే కళి అని చెప్పేవారము. వడ్డించే ఆమె మా మాటలు విని, "ఏ ఊరప్పా మీది?" అని అడిగింది. చెప్పాము. "అట్లనా, అరవోళ్ళా? తెలుగు బాగానే మాట్లాడతాండారే!" అన్నది. మా ముఖాలు చిన్నవైనాయి. అక్కడ మేము తెలుంగర్, ఇక్కడ అరవోళ్ళు. మా నాయన మాత్రం సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటూ, "అరవోళ్ళం కాదమ్మా, ఈ ఊరోళ్ళమే. పోయి కొన్నాళ్ళయింది, అంతే" అన్నాడు. "ఎన్నాళ్ళయింది పెద్దాయనా?" "మున్నూరు ఏండ్లు ఉంటుందేమో." ఆమె కడుపారా నవ్వి, ఇంకొక ముద్ద తెచ్చి ఆయన ఆకులో వేసింది. "ఊరోడివైతే తిను మరి" అన్నది. రెండో ముద్దకు డబ్బు తీసుకోలేదు. మాకు కాగితం దొరకలేదు గాని, సాక్షి దొరికినట్టయినది.

మూడోరోజు పెందలకడనే తాడిపత్రి వెళ్ళాము. సెడోనాలో చిత్రశాలలు ఉంటే మనకు తాడిపత్రి ఉన్నది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి, ఊరిలో చింతల వెంకటరమణస్వామి గుడి. రెండూ పెమ్మసానివారి కాలానివే. చింతల వెంకటరమణస్వామి గోడల మీద రామాయణం, కృష్ణలీలలు వరుసగా చెక్కి ఉన్నాయి. ఎదుట రాతిరథం ఆకారంలో గరుడ మండపం. ఇక్కడ మా నాయనకు ఎవరి సాయమూ కావలసి రాలేదు. కంటికి కనబడకపోయినా ఆయన చేత్తో తడిమి, "ఇదిగో తోక, అయితే ఆంజనేయుడు" అని తనంతట తానే చెప్పుకుంటూ పోయాడు. నూలు పోగు తెగితే చీకటిలోనే వెతికి ముడివేసిన చెయ్యి అది. తాత వెనకాలే అమ్మాయి నడిచింది. చాలాసేపటికి, "తాతా, నాకు ఇంగ్లీషులో రాముడి కథ పరీక్షకు వచ్చింది. ఇక్కడ నువ్వు చూడకుండా చదివేస్తున్నావు" అన్నది.

అక్కడినుంచి ముప్ఫయి కిలోమీటర్లలో బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని గురించి రాశాడు. 1982, 1983లలో గెబవర్ నాయకత్వంలో జర్మనులు లోపలంతా కొలిచారు. మొత్తం 3,229 మీటర్లు. 2002 నుంచి ప్రజలు చూడడానికి తెరిచారు. లోపల గాలి తక్కువగా, ఉక్కగా ఉంటుంది గనుక మా నాయనను, ఇల్లాలిని పైన చెట్టునీడన ఉంచి మేము పిల్లలతో దిగాము. పైకి వచ్చేసరికి మామా కోడళ్ళు నన్నారి షర్బత్తు తాగుతూ ఏదో నిర్ణయానికి వచ్చినట్టు కనిపించారు.

కారు ఎక్కిన తరువాత ఆ నిర్ణయం బయటపడినది. "ఊరు చేరినాక ఆ డాక్టరు దగ్గరకు పోదాంరా. కన్ను కోయించుకుంటాను" అన్నాడు మా నాయన. "ఇప్పుడు చూడవలసినది ఏమి వచ్చింది నాయనా?" అని అడిగాము. "ఈ పిల్లకు అక్షరాలు నేర్పాలంటే అది రాసినది నాకు కనబడవద్దా?" అన్నాడు. ముందు సీటులో అమ్మాయి వెనక్కు తిరగలేదు. తిరగకుండానే, "తాతా, రోజుకు అరగంటే. పరీక్షలప్పుడు సెలవు" అన్నది. "సరే, కూలి బేరం కుదిరింది" అన్నాడాయన.

నెల తిరిగేసరికి కుడికన్ను ఆపరేషను అయినది. కట్టు విప్పినరోజున ఆయన మొదట చూసినది ఇంటావిడ ముఖమట. "ఇంత నెరిసిపోయినావా అమ్మా" అన్నాడట. ఆ వారంలోనే పలక కొన్నాము. పదహారేళ్ళ పిల్లకు పలకేమిటని ఇరుగుపొరుగు నవ్వారు. అబ్బాయి కూడా పక్కన చేరాడు. చూస్తూ ఉండలేక మేమూ కూర్చున్నాము. ఇన్నేళ్ళు రాయక మా ఒత్తులూ తప్పిపోతున్నాయని అప్పుడు గాని తెలియలేదు.

మొన్న ఆదివారం అమ్మాయి పలక మీద తన పేరు ఇంటిపేరుతో సహా రాసి తాతకు చూపింది. ఆయన పలకను కుడికంటికి దగ్గరగా పెట్టుకుని, వేలితో అక్షరం అక్షరమూ తాకి చూశాడు. "గండికోటలో సున్న మరిచినావు. సున్న లేకుంటే ఏరు పోయేందుకు దారి ఎట్లా?" అన్నాడు. అమ్మాయి నవ్వి సున్న పెట్టింది.

మన సభ్యుల ఇళ్ళలో ఇటువంటి ఇంటిపేర్లు ఎన్నో ఉంటాయి. చాలావాటి వెనక ఒక ఊరు ఉంటుంది. వచ్చే సెలవులలో పెద్దవాళ్ళకు ఓపిక ఉండగానే ఆ ఊరు ఒకసారి చూసి రండి. పోయే ముందు పిల్లలకు ఆ ఊరి పేరు చదవడం నేర్పండి. మేము తిరిగి వచ్చిన తరువాత నేర్పవలసి వచ్చినది. అది మా పొరపాటు.